ఫాదర్ హయ్యరుగారి జీవితచరిత్రము

సంఘముల వార్షికోత్సవములు రెండు విధములుగా జరుగుచుండును. కొన్నిచోట్ల పందిళ్లు వేసి, తోరణములు కట్టి, ఉపన్యాసములు చెప్పి, విందులు కుడిచి జనులు తమ తమ యిండ్లకు మరలుదురు. మరునాడు వాన కురిసినచో దేవాలయపు కప్పు ఎప్పటివలెనే కారుచుండును. మఱికొన్నిచోట్ల సంఘస్థులు ఆ యుత్సవమును పురస్కరించుకొని చందాలు ప్రోగుచేసి, బీటలు వారిన గోడలను పూయించి, పగిలిన పెంకులను మార్పించి, క్రుంగిన దూలమునకు మాఱుగా క్రొత్త దూలము నెత్తించి, తాము పెద్దలయొద్దనుండి పొందినదానికంటె కొంత మెఱుగైన మందిరమును పిల్లల కప్పగింతురు. ఈ రెండవది యుత్సవమను పేరికి తగినదని మేము తలంచుచున్నాము.

ఆంధ్రదేశమందలి లూథరను సంఘములకు జూలై 31వ తేదీ జన్మదినము. 1842వ సంవత్సరమున ఆనాడు గుంటూరు పట్టణము చేరిన యొక బోధకునితో వాని చరిత్ర ప్రారంభమయ్యెను. 1942లో ఆ సంఘములు శతవార్షికోత్సవము జరుపుకొనెను. పెద్దవంగర ప్రాంతమందలి మాకు గుంటూరుసీమ దూరమైనదే. ఆ బోధకుడు వచ్చిననాడు మన యోరుగల్లు ప్రాంతము నిజాము ప్రభువుల యేలుబడిలోను, గుంటూరు కుంపిణీవారి యేలుబడిలోను నుండెను. అయినను ఏ సంఘమువారు కట్టుకొనినదైనను ప్రార్థనామందిరము మందిరమే. దానిని కట్టుట యొకయెత్తు, నిలుపుకొనుట యొకయెత్తు. ఈ రెండవ పని యెట్టిదో తెలిసికొనగోరు విద్యార్థులకు హయ్యరుగారి జీవితముకంటె మంచి పాఠము వేఱొకటి మాకు కనబడలేదు. కావున దానిని సంగ్రహముగా నిచట వ్రాయుచున్నాము.

జననము, బాల్యము

జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరుగారు 1793వ సంవత్సరము జూలై 10వ తేదీని జర్మనీలో బ్రున్స్విక్ సంస్థానమునకు చేరిన హెల్మ్‌స్టెట్ అను పట్టణమున జన్మించిరి. వారి తండ్రి జంతువుల బొచ్చుతోళ్లతో ఉడుపులు కుట్టి అమ్ము వృత్తియందుండెను. ధనికుల కుటుంబము కాదు. దరిద్రుల కుటుంబమును కాదు. కాలము మాత్రము మంచిది కాదు. ఫ్రెంచి చక్రవర్తి నెపోలియను సేనలు 1806లో ప్రష్యావారిని జయించి జర్మనీ నంతటిని కలచివైచెను. 1807లో బ్రున్స్విక్ సంస్థానము స్వాతంత్ర్యమును గోల్పోయి నెపోలియను తమ్ముని రాజ్యములో చేర్చబడెను. యౌవనము రాబోవు పిల్లలను గల తలిదండ్రులు వారిని సైన్యములలో చేర్చుకొందురేమో యని వెఱచుచుండిరి.

ఆ సంవత్సరమే హయ్యరుగారు తమ యూరి దేవాలయములో స్థిరీకరణము పొందిరి. పిమ్మట తలిదండ్రులు వారిని అమెరికాలోని ఫిలడెల్ఫియా పట్టణమందున్న మేనమామగారి యొద్దకు పంపివైచిరి. పదునాలుగేండ్ల బాలుడు తలిదండ్రులను, ఊరిని, దేశమును విడిచి అట్లాంటికు మహాసముద్రమును దాటెను. పిదప వారు తమ జీవితమున సముద్రములను దాటిన సారులు లెక్కకు పెక్కు. ఆ మొదటి ప్రయాణమే వారికి దూరమన్న భయమును పోగొట్టినదని చెప్పవచ్చును.

మేనమామగారిదియు బొచ్చుతోళ్ల వ్యాపారమే. హయ్యరుగారు పగలు ఆ పని నేర్చుకొనుచు, అచటి జర్మను లూథరను సంఘమైన సీయోను దేవాలయమునకు పోవుచు, క్రమముగా బోధకుడు కావలెనను కోరిక గలవారైరి. కొంతకాలము బడిపంతులుగా పనిచేయుచు ఆ సంఘపు పెద్దలయొద్ద వేదాంతవిద్య నభ్యసించిరి. నెపోలియను యుద్ధములు ముగిసిన 1815లో తిరిగి జర్మనీకి పోయి గొట్టింగెను విశ్వవిద్యాలయమున చదివి, మరల అమెరికాకు వచ్చిరి. 1817లో పెన్సిల్వేనియా లూథరను మహాసభవారు వారికి బోధించుటకు అనుజ్ఞ నొసంగిరి. 1820లో అభిషేకము జరిగెను.

అమెరికాలో సేవ

ఆ కాలపు అమెరికా నేటి అమెరికా కాదు. జర్మనీనుండి వలసవచ్చిన రైతులు పడమటి యడవులను నఱకి, కొయ్యగుడిసెలు వేసికొని, ఒకరికొకరు క్రోసుల దూరమున నివసించుచుండిరి. వారికి దేవాలయము లేదు. పిల్లలకు బడి లేదు. ఎవరైన మరణించిన ప్రార్థన చేయువాడు లేడు. అట్టి జనులయొద్దకు హయ్యరుగారిని సంచార బోధకునిగా పంపిరి. గుఱ్ఱముపై నెక్కి, వాగులు దాటి, దొరికినచోట పండుకొని, పది కుటుంబములు చేరినచోట సంఘమును స్థాపించి, ఆ సంఘమువారిచేతనే కొయ్యతోనో రాతితోనో మందిరము కట్టించి, వేఱొక బోధకుని కప్పగించి ముందుకు సాగుట వారి పద్ధతి. పెన్సిల్వేనియా, మేరీలాండు రాష్ట్రములలో ఇరువదేండ్లకు పైగా వారీ పనిలోనుండిరి.

1819లో వారు మేరీ గాష్ అను నామెను వివాహమాడిరి. భర్త సంవత్సరములో నెక్కువ భాగము దారిలోనే యుండగా సంసారభారమంతయు నా యిల్లాలే మోసెను. ఇట్టి జీవితచరిత్రములలో ఆమెవంటివారిని గూర్చి రెండు మాటలకంటె నెక్కువ వ్రాయబడుట లేదు; కాని యామె యింట నిలువకున్నచో ఆయన బయట తిరుగజాలకపోయెడివాడని చదువరులు గ్రహింతురు గాక.

1837లో హయ్యరుగారిని పిట్సుబర్గు పట్టణమునకు పంపిరి. అది ఇనుపకొలుములతోను, బొగ్గుపొగతోను నిండి యప్పుడప్పుడే పెరుగుచున్న యూరు. జర్మనుభాష యెఱిగిన పెద్దలకును, ఇంగ్లీషు మాత్రమే వచ్చిన పిల్లలకును ఒక్క యారాధన చాలదని కనిపెట్టి, వారచట రెండు భాషలలోను వేర్వేఱు సంఘములను నిలిపిరి. తలిదండ్రుల భాషను పట్టుకొని వ్రేలాడి పిల్లలను పోగొట్టుకొనుట యొక తప్పు. పిల్లలకొఱకు ముసలివారిని త్రోసిపుచ్చుట మఱియొక తప్పు. రెంటిని తప్పించుకొనుటకు రెండింతల శ్రమ పడవలెను. హయ్యరుగారు ఆ రెండింతల శ్రమకు వెనుదీయలేదు.

హిందూదేశమునకు పిలుపు

1839లో వారి భార్య పరలోకగతురాలయ్యెను. అప్పటికి వారికి నలువదియాఱవ యేడు నడుచుచుండెను. ఆ ప్రాంతముననే అమెరికా లూథరనులు అన్యదేశములకు బోధకుని పంపవలెనని తలపెట్టిరి. ఆ పనికి హయ్యరుగారి నెన్నుకొనిరి. వారు సమ్మతించిరి; కాని యొక చిక్కు వచ్చెను. సభవారు స్వయముగా పంపక, ధనబలము గల వేఱొక సంఘపు మిషనుతో కలిసి, దాని యధికారము క్రింద వారిని పంపదలచిరి. అట్లయినచో ఖర్చు తేలిక యగును. జవాబుదారియు తేలిక యగును. హయ్యరుగారు దీనికి సమ్మతింపక ఆ యుద్యోగమును వదలుకొనిరి. మన పనిని మనము మోయలేకున్నచో అది మన పని యెట్లగునని వారి భావము.

అప్పుడు వారిని మొదట బోధకునిగా చేసిన పెన్సిల్వేనియా మహాసభవారే ముందుకు వచ్చి 1841లో వారిని స్వయముగా పంప నిశ్చయించిరి. ఆ సభలోని సంఘములు పెద్ద ధనవంతుల సంఘములు కావు. రైతులు, కంసాలులు, వడ్రంగులు, దుకాణదారులు వేసిన చిన్న చిన్న కానుకలతోనే ఆ మొత్తము పోగుపడవలెను. ఆంధ్రదేశపు లూథరను మిషనుకు ఈ విధముగా పునాది పడెను. ఇది మఱవదగిన సంగతి కాదు.

1841 అక్టోబరు నెలలో హయ్యరుగారు బోస్టను రేవున బ్రెండా యను తెరచాప యోడ నెక్కిరి. సూయజు కాలువ తెఱవబడుటకు అప్పటికింకను ఇరువదియెనిమిదేండ్లు కలవు. ఓడ ఆఫ్రికాఖండమును చుట్టి రావలెను. అయిదు నెలల ప్రయాణము తరువాత 1842 మార్చిలో కొలంబో చేరి, అచటినుండి దక్షిణదేశము గుండ చెన్నపట్టణమునకు వచ్చిరి. దక్షిణదేశము లూథరనులకు క్రొత్తది కాదు. తరంగంబాడిలో జీగెన్‌బాల్గు అను జర్మను బోధకుడు 1706లోనే పని ప్రారంభించెను. ఆ తరువాతివాడగు షుల్జుదొర చెన్నపట్టణమున నుండి తెలుగు నేర్చి, పదునెనిమిదవ శతాబ్దపు పూర్వార్ధమున బైబిలు గ్రంథమును తెలిగించెను గాని యది యచ్చుపడలేదు. తెలుగుదేశమున నిలిచి పనిచేసిన లూథరను మాత్రము అంతవఱకు లేడు.

గుంటూరు చేరుట

గుంటూరులో నప్పుడు హెన్రీ స్టోక్సు అను దొర కలెక్టరుగా నుండెను. తన జిల్లాకు ఎవరైన బోధకుడు వచ్చి బడులు పెట్టినచో బాగుండునని యాయన కోరుచుండెను. మచిలీబందరులో రాబర్టు నోబిలుదొర 1841లోను, నెల్లూరులో బాప్టిస్టు బోధకుడు డే దొర 1840లోను ప్రవేశించి యుండిరి. నడుమనున్న గుంటూరుసీమ ఖాళీగా నుండెను. హయ్యరుగారు నెల్లూరుమీదుగా ప్రయాణము చేసి 1842 జూలై 31వ తేదీ, ఆదివారమునాడు గుంటూరు చేరిరి. స్టోక్సుదొర వారిని ప్రీతితో నాదరించి, నాటినుండి యా మిషనునకు కొండంత యండగా నుండెను.

నాటి గుంటూరుసీమ స్థితిని చదువరులు తలంచుకొనవలెను. పదేండ్లకు పూర్వము, 1832, 33 సంవత్సరములలో, డొక్కల కఱవు ఆ సీమను మాడ్చివైచెను. లక్షకు పైబడిన జనము తిండిలేక చచ్చిరి. ఊళ్లకూళ్లు పాడుపడెను. కృష్ణకు ఆనకట్ట యింకను లేదు; అది 1855నాటికి గాని పూర్తి కాలేదు. వాన కురిసిన పంట, లేనిచో కఱవు. ఇట్టి జనమధ్యమునకు, నలువదితొమ్మిదేండ్ల వయసున, భార్యను గోల్పోయి, పిల్లలను ఖండాంతరమున విడిచి, భాష రాని యొక పరదేశీయుడు ఒంటరిగా వచ్చెను.

భాష సంగతి చిన్నది కాదు. బ్రౌనుదొర నిఘంటువు వెలువడుటకు నింకను పదేండ్లు కలవు. క్యాంబెలుదొర వ్రాసిన వ్యాకరణము, నిఘంటువు మాత్రమే దొరలకు దిక్కు. ఏబది సమీపించినవాని నాలుకకు మన ఱకార ళకారములు సులభముగా లొంగవు. హయ్యరుగారు మొదట దుబాసి సాయముతో మాటలాడుచు, దినదినము కొంతకొంతగా తెలుగు నేర్చుకొనిరి. భాష వచ్చిన పిమ్మటనే పని ప్రారంభింతునని కూర్చుండక, కొలది నెలలలోనే బడులు తెఱచిరి. 1842లోనే గుంటూరున ఇంగ్లీషు పాఠశాల వారి చేతిక్రిందికి వచ్చెను. ఆ చిన్న బడియే కాలక్రమమున పెరిగి 1885లో కళాశాల యయ్యెను. ఆంధ్ర క్రైస్తవ కళాశాల యని ప్రసిద్ధి చెందినది యదియే. బాలికలకును వారు బడి పెట్టిరి. కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించినది 1874లో నని జ్ఞప్తికి తెచ్చుకొన్నచో, ముప్పదియేండ్లకు పూర్వము గుంటూరులో ఆడుపిల్లలను బడికి రప్పించుట యెంత కష్టమో తెలియును.

వైద్యవిద్య, పల్నాటిసీమ

ఎండలకును శ్రమకును హయ్యరుగారి దేహము సడలెను. 1846లో వారు అమెరికాకు మరలిరి. 1844లో వచ్చిన వాల్టరు గన్నుదొర గుంటూరు పనిని చూచుచుండెను. విశ్రాంతికి పోయిన హయ్యరుగారు విశ్రమింపలేదు. తెలుగుదేశమున జ్వరములకును, విశూచికిని జనులు మందులేక చచ్చుట కన్నులార చూచినవారగుటచే, బాల్టిమోరులోని వైద్యకళాశాలలో చేరి 1847లో వైద్యపట్టము పొందిరి. అప్పటికి వారికి ఏబదినాలుగేండ్లు. మనుమల నెత్తుకొను వయసున కుఱ్ఱవాండ్ర నడుమ బల్లపై కూర్చుండి ఎముకల పేళ్లు వల్లించుట యందఱికిని చేతనగు పని కాదు. పరీక్షలో నొకసారి తప్పినంతనే తమకిక చదువు రాదని నిరాశపడు మన విద్యార్థులు ఈ సంగతిని గమనింతురు గాక.

1848లో వారు రెండవమారు తెలుగుదేశమునకు వచ్చిరి. ఈమారు వారి దృష్టి పల్నాటిసీమపై పడెను. పల్నాడన నెవరికి తెలియదు? నలగామరాజు ఏలిన గురజాల యచటనే కలదు. బ్రహ్మనాయుడును నాగమ్మయు పంతములకు పోగా వీరులు నేలగూలిన కారెమపూడి యచటనే కలదు. శ్రీనాథ కవిసార్వభౌముడంతవాడు ఆ సీమలో జొన్నకూడు తిని, నీటికి తిప్పలుపడి, హాస్యపు చాటువులతో కసి తీర్చుకొనెనట. నాపరాతి నేల, ఎండలు, చలిజ్వరములు. హయ్యరుగారు 1849లో గురజాల నెంచుకొని యచటనే కాపురముండిరి.

వారి మాట వినవచ్చినవారిలో ననేకులు ఊరివెలుపలి పేటలలో నివసించు నిరుపేదలు. ఊరిబావి వారిది కాదు; ఊరిబడి వారిది కాదు; ఊరిగుడి వారిది కాదు. వారి బిడ్డలకు ఓనమాలు చెప్పువాడును, వారి రోగులను ముట్టి నాడి చూచువాడును దొరకుట యదియే మొదలు. అట్టి పేటలలో కట్టబడిన ప్రార్థనామందిరము లెట్టివి? మట్టిగోడలు, తాటాకు లేక బోదకప్పు. పగలు బడి, ఆదివారము దేవాలయము, వానలో బాటసారికి తలదాపు. ఏటేట వానకాలమునకు ముందు కప్పు నేయకున్నచో నవి నిలువవు. ఈ కప్పు నేయువారు అమెరికానుండి రారు గదా! ఆ పేటవారే ఆకు కోసి తెచ్చి, త్రాళ్లు పేని, దినకూలి మాని కప్పుకొనవలెను. సొమ్ము లేనివాడు కష్టమునే చందాగా నిచ్చును. తరువాతికాలమున మన సంఘములలో వ్యాపించిన పిడికెడు బియ్యపు కానుకయు, కోతపండుగనాడు తెచ్చు ధాన్యమును, గుమ్మడికాయలును, కోడిపుంజులును ఈ జాతికి చెందినవే. పొయ్యిమీద ఎసరు పెట్టునప్పుడు ఇల్లాలు తీసి వేఱుంచిన పిడికెడు బియ్యము ఎన్ని మందిరముల గోడల నెత్తినదో లెక్కవేయ నెవరి తరము?

1851లో గన్నుదొర క్షయరోగముచే గుంటూరుననే మరణించెను. ఆ ప్రాంతముననే మఱియొక భారము మీద పడెను. గోదావరి తీరమున రాజమహేంద్రవరములో ఉత్తర జర్మనీ మిషనువారు 1845లో స్థాపించిన పని, సాగించుటకు వారికి శక్తి చాలక, అమెరికా లూథరనుల కప్పగింపబడెను. ఒకరు మొదలిడి విడిచినదానిని మఱియొకరు మోయవలసి వచ్చెను. దీని సంగతి ముందు చెప్పెదము. హయ్యరుగారు 1857లో తెలుగుదేశమును విడిచి అమెరికా చేరిరి. ఏండ్లు అఱువదినాలుగు. ఇక తిరిగి వత్తురని యెవరును తలంపలేదు.

మిన్నెసోటాలో

అఱువదినాలుగేండ్ల వయసున మనుజులు అరుగుమీద కూర్చుండి గతమును చెప్పుకొందురు. హయ్యరుగారు ఉత్తరమున మంచుదేశమైన మిన్నెసోటాకు పోయి, జర్మను వలసకాపుల నడుమ మరల సంచారబోధకుడైరి. గురజాల యెండలు కాచిన దేహముతో మంచుగాలులను భరించుచు సంఘములను కూర్చి, 1860లో మిన్నెసోటా మహాసభను స్థాపించి, దానికి మొదటి యధ్యక్షులైరి.

ఇంతలో అమెరికాలో 1861 మొదలు 1865 వఱకు అంతర్యుద్ధము జరిగెను. ఉత్తరదేశస్థులును దక్షిణదేశస్థులును ఒండొరులను చంపుకొనుచుండగా దూరదేశపు మిషనులకు కాసు పంపువారు తగ్గిరి. యుద్ధము ముగిసిన పిమ్మట లూథరనులే సిద్ధాంతభేదములచే రెండుగా చీలిరి. 1867లో జనరలు కౌన్సిలు అను క్రొత్తసభ యేర్పడెను. ఇంటిలో కలహము పుట్టినప్పుడు పొలము బీడుపడును. తెలుగుదేశమున కొంతకాలము ఉనాంగ్‌స్టు దొర యొక్కడే గుంటూరు, పల్నాడు, రాజమహేంద్రవరము, సామర్లకోట లన్నిటిని చూచుకొనవలసి వచ్చెను. ఒక్కని భుజములకు అంతటి కావడి మోయ శక్యమా? తుదకు రాజమహేంద్రవరమును, సామర్లకోటను ఆంగ్లేయసంఘపు చర్చి మిషనెరీ సొసైటీవారికి అప్పగించివేయుటకు ఏర్పాటులు జరిగెను. ధనము లేదు, మనుష్యులు లేరు, ఒప్పగింత దాదాపు ముగిసినట్లే.

మూడవమారు

హయ్యరుగారు జర్మనీలో నుండగా ఈ వార్త వారి చెవి సోకెను. వారు వెంటనే అమెరికాకు మరలిరి. 1869 మే నెలలో పెన్సిల్వేనియా మహాసభ రెడ్డింగు పట్టణమున కూడెను. ఇరువదియెనిమిదేండ్లకు పూర్వము వారిని పంపిన సభయే యది. అచట నా వృద్ధుడు లేచి, రాజమహేంద్రవరమును పోనీయవలదనియు, క్రొత్త బోధకులు సిద్ధమగువఱకు తానే పోయి యా పనిని కాపాడెదననియు విన్నవించెను. ప్రయాణపు సంచిని చేతబట్టుకొనియే సభకు వచ్చెనని యిప్పటికిని చెప్పుకొందురు.

ఆ సభలో కూర్చున్నవారి మనస్సు లెట్లుండెనో యూహింపవచ్చును. సొమ్ము లేదని లెక్కలు చూపవచ్చును; మనుష్యులు లేరని తీర్మానము వ్రాయవచ్చును. డెబ్బదియాఱవ యేటనున్న ముసలివాడు నేను పోయెదనని యెదుట నిలిచినప్పుడు ఆ లెక్కలకు మాటయుండదు. సభవారు ఒప్పగింతను నిలిపి, జనరలు కౌన్సిలు పక్షమున రాజమహేంద్రవరమును తామే యుంచుకొన నిశ్చయించిరి. చర్చి మిషనెరీ సొసైటీవారును పెద్దమనస్సుతో వెనుకకు తగ్గిరి. ఇది వారికిని కీర్తికరమే.

ఆ వేసవి తుదను బయలుదేరి, 1869 డిసెంబరు మొదట హయ్యరుగారు రాజమహేంద్రవరము చేరిరి. గోదావరిపై ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియై అప్పటికి పదునేడేండ్లు, డెల్టా పచ్చబడుచుండెను. ఆ సంఘము మాత్రము ఎండిన చెట్టువలె నుండెను. అయినను వేరు చావలేదు. తోట యోసేపు, నేలప్రోలు పౌలు మొదలగు తెలుగు ఉపదేశకులు దొరలులేని కాలమున సంఘస్థులను చెదరనీయక కాచుకొనియుండిరి. పిమ్మట వీరిద్దఱును అభిషిక్తులైన గురువులైరి. హయ్యరుగారు వచ్చి రక్షించిరన్న మాట నిజము. రక్షించుటకు మిగిల్చి యుంచినవారు వీరన్న మాటయు నంతే నిజము.

వారు బడులను మరల తెఱపించిరి. ఊరూర తిరిగి సంఘస్థులను పలుకరించిరి. క్రొత్తగా వచ్చిన బోధకులకు పని చూపిరి. 1870లో వచ్చినవారిలో బెక్కరుదొర కొలదికాలమునకే మరణించెను. ష్మిట్టుదొర మాత్రము నిలిచి, అనేక సంవత్సరము లా పనిని నడపెను. భారము మోయు భుజము దొరకినదని యెఱిగినంతనే హయ్యరుగారు 1871లో సెలవు తీసికొనిరి. పట్టుకొనవలసినప్పుడు పట్టుకొనుటయు, విడువవలసినప్పుడు విడుచుటయు రెండును వారికి తెలియును.

అంత్యదశ

అమెరికా చేరిన పిమ్మట వారు ఫిలడెల్ఫియాలోని వేదాంతకళాశాలలో విద్యార్థులకు పెద్దదిక్కుగా నుండిరి. ఫాదర్ అను పిలుపు వారికి స్థిరపడెను, మనవారు తండ్రిగారనినట్లు. 1873 నవంబరు 7వ తేదీని, ఎనుబదియవ సంవత్సరము నిండిన పిమ్మట, వారు నిర్యాణము చెందిరి. పెన్సిల్వేనియాలో సోమర్‌సెట్ ప్రాంతమందలి ఫ్రీడెన్సు అను చిన్న యూరిలో, ముప్పదినాలుగేండ్లకు పూర్వము మరణించిన భార్య సమాధిప్రక్కన వారిని సమాధి చేసిరి. బ్రదికియుండగా నొకచోట నిలువని యా మనుష్యుడు తుదకు ఇల్లాలి చెంత నిలిచెను.

వారు విడిచినవి

హయ్యరుగారు నాటిన గుంటూరు మిషనును, వారు నిలిపిన రాజమహేంద్రవర మిషనును ఏబదియేండ్లు వేర్వేఱుగా నడచి, అమెరికాలోని సభలు 1918లో నేకమైన పిమ్మట తామును కలిసెను. 1927లో ఆంధ్ర సువిశేష లూథరను సంఘము ఏర్పడెను. గుంటూరున కుగ్లరు దొరసానిగారు 1897లో తెఱచిన స్త్రీల యాసుపత్రి మొదలుకొని యెన్నియో పాఠశాలలు, వైద్యశాలలు ఆ చెట్టు కొమ్మలే. 1869లో రాజమహేంద్రవరము చేయిజాఱినచో ఆ సంఘముల చరిత్ర మఱియొక విధముగా నుండెడిది.

హయ్యరుగారు మహావక్తలని గాని, మహాపండితులని గాని యెవరును చెప్పుట లేదు. వారు వేలకొలది జనులను తమవైపునకు త్రిప్పుకొనినవారును కారు. వారి కాలమున గుంటూరు సంఘము చిన్నదే. వారియందు విశేషమేమనగా, తాము మొదలిడిన పని శిథిలమగుచున్నదని విన్నప్పుడు అది తమ పని కాదని యూరకుండలేదు. పునాదిరాయి వేయునాడు శాలువలును, దండలును దొరకును. ఆ రాతిపై పేరు చెక్కుదురు. కాఱుచున్న కప్పును బాగుచేయించినవాని పేరు ఏ రాతిమీదను నుండదు. డెబ్బదియాఱేండ్లవాడు సముద్రము దాటివచ్చి చేసినది ఈ పేరులేని పనియే.

మన గ్రామములలో దేవాలయము గాని, పాఠశాల గాని ఇరువదియైదేండ్ల పండుగయో, ఏబదియేండ్ల పండుగయో జరుపుకొనునప్పుడు చందాల పుస్తకము మనయొద్దకును వచ్చును. ఎవరో దూరమున నున్న దాత వచ్చి గోడలు కట్టించునని యెదురుచూచుట సులభము. పెద్ద మిషనుయొక్క ధనముతో పోవుట కిష్టపడక, చిన్న సంఘముల చిన్న కానుకలతో వచ్చిన మనుష్యుని చరిత్ర చదివినవారము, ఆ పుస్తకమునందు మన శక్తికొలది యొక పంక్తి వ్రాయక వెనుకకు పంపుట తగదు. కాసు లేనివాడు ఒకదినము వచ్చి మట్టి మోయవచ్చును, సున్నము కలుపవచ్చును, పెంకులందింపవచ్చును. చదువుకొనుచున్న పిల్లలు సయితము తాము కూర్చుండు బల్లను గీతలు గీచి పాడుచేయకుండ తమ తరువాతివారి కప్పగింపవచ్చును. ఇంతమాత్రము చేసినచో హయ్యరుగారి జీవితము నేర్పు పాఠము మనకు తెలిసినట్లే యని మేము నమ్ముచున్నాము.